వెనక్కి పడ్డ బరువు

విసుగు పుట్టింది. ముందు ఆ మాట చెప్పాలి. పశ్చాత్తాపం లాంటి పెద్ద మాట వాడే అర్హత నాకుందో లేదో తెలియదు గానీ విసుగు మాత్రం నిజం. ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోసీ మోసీ, అది బయటపడకుండా కాపలా కాసీ కాసీ, నా మీద నాకే రోత పుట్టింది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పబోతే, ‘నువ్వు మంచిదానివమ్మా, ఊరికే మనసు పాడుచేసుకుంటావు’ అంటారు. ఆ మాట ఇంకొక్కసారి వింటే నేను తట్టుకోలేను.

చిత్తూరు దగ్గర మాకు రెండు ట్రైలరు బండ్లున్నాయి. గ్రానైటు క్వారీల నుంచి రాళ్లెత్తుకుని రేవుకు చేర్చడం మా పని. పేరుకు వ్యాపారం మా ఆయనది. గిరాకీ తేవడం, ఆఫీసుల చుట్టూ తిరగడం ఆయన వంతు. లోడు ఎత్తించడం నా వంతు. క్రేను పక్కన నిలబడి, కొంగు నడుముకు చుట్టుకుని, ‘ఇంకొంచెం ముందుకి, ఇంకొంచెం, ఆ, దించు’ అని కేకలేసే ఆడమనిషిని చూసి మొదట్లో క్వారీలో అందరూ నవ్వారు. తరువాత అలవాటు పడ్డారు. కొన్నాళ్లకు ‘అమ్మ ఎత్తించిన లోడు కదలదు’ అనే పేరు కూడా వచ్చింది. ఆ పేరంటే నాకు ఎంత గర్వమో!

ట్రైలరు సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్తాను. అది తెలియకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ముందర ఇంజిను బండి ఉంటుంది. దాని వీపు మీద ఆనుకుని వెనక పొడవాటి బల్ల. బల్ల తోక కింద ఒక గుంపు చక్రాలు. బల్ల మీద పెట్టిన రాళ్ల బరువు కొంత వెనక చక్రాల మీద, కొంత ఇంజిను బండి వీపు మీద పడాలి. మరీ ముందుకు పెడితే ఇంజిను బండి నలిగిపోతుంది. మరీ వెనక్కి పెడితే ఇంజిను బండికి బరువు చాలక దాని చక్రాలకు రోడ్డు మీద పట్టుండదు. నలుగురూ బెంచీకి ఒక కొసన కూర్చుంటే రెండో కొస లేస్తుంది కదా, అలాగన్నమాట. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే వెనకున్న రాయి ముందున్న బండిని తోసేస్తుంది. కాటా మీద మొత్తం తూకం సరిగ్గానే ఉండొచ్చు. ఏ ఇరుసు మీద ఎంత పడిందన్నదే అసలు లెక్క.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

మా డ్రైవరు మునిరత్నం. ఏర్పేడు వైపు మనిషి. అప్పటికి నలభై దాటలేదు. బండి విషయంలో అంత చాదస్తుడిని నేను చూడలేదు. లోడెక్కాక బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాడు. ప్రతి టైరునూ ఇనుప కడ్డీతో కొట్టి చప్పుడు వినేవాడు. నేల మీద గొంతుక్కూర్చుని, ఇరుసుల మీది కమాను పట్టీలు బరువుకు ఎంత వంగాయో తల వాల్చి చూసేవాడు. అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, ‘అమ్మా, ఒక జానెడు ముందుకి జరిపిస్తే బాగుంటాది’ అనేవాడు. క్రేను మళ్లీ రావాలి, గొలుసులు మళ్లీ విప్పాలి. నాకు ఒళ్లు మండేది. చూస్తే అతని మాటే సరిగ్గా ఉండేది. ఒకసారి కాదు, ప్రతిసారీ. తప్పు పట్టేవాడు పొరపడితే మనకు కాస్త ఊరటగా ఉంటుంది. మునిరత్నం నాకు ఆ ఊరట ఒక్కనాడూ ఇవ్వలేదు.

నేను ఆ తప్పు చేసిన రోజు మా అత్తగారు వేలూరు ఆస్పత్రిలో ఉన్నారు. మా ఆయన అక్కడే ఉన్నాడు. రాళ్లు రేవుకు ఇంత గడువులో చేరాలని గిరాకీదారు ఫోన్ల మీద ఫోన్లు. పొద్దున్నే రావలసిన క్రేను ఆలస్యంగా వచ్చింది. వచ్చినవాడు ఇంకో క్వారీకి పోవాలని తొందర. రెండే రాళ్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద రాయి బల్ల నడిమికి రావాలి. వాడు దాన్ని తోక వైపు ఊపుతూ తీసుకుపోతుంటే, ‘ముందుకి’ అందామని నోరు తెరిచాను. క్రేనువాడు పైనుంచి నవ్వాడు. “ఏమ్మా, మీ డ్రైవరు టీకి పోయినాడే. ఆయప్ప లేకుండా దించితే ఒప్పుకుంటాడా?” చుట్టూ ఉన్న మగవాళ్లందరూ నవ్వారు.

“దించు,” అన్నాను.

అంతే జరిగింది. ఎవరో నవ్వారని, తప్పని తెలిసిన చోట రాయి దించమన్నాను. ఎంత చిన్న కారణమో చూడండి. ఇన్నేళ్లుగా దీనికంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. అత్తగారి జబ్బు అనుకున్నాను. గడువు అనుకున్నాను. ఏదీ నిలవలేదు. 

మునిరత్నం వచ్చేసరికి క్రేను వెళ్లిపోయింది. బండి వంక చూశాడు. నా వంక చూశాడు. ‘కాటా కాడ సూసి చెప్తానమ్మా’ అని మాత్రం అని బండి కదిలించాడు. కాసేపటికి ఫోను వచ్చింది.

“అమ్మా, కాటా కాడ ఉండాను. మొత్తం తూకం సరిగానే ఉండాది. ఇంజిను బండి ఒకటే కాటా మిందికి ఎక్కించి సూసినాను. ముందర బరువు కూర్చోలేదమ్మా. అంతా ఎనక్కి పడింది.”

“మొత్తం సరిపోయింది గదా?”

“మొత్తం సరిపోతే సరిపోదమ్మా, మీకు తెలీందా. స్టీరింగు తేలిపోతాండాది. వానొచ్చేట్టుగా ఉండాది. ఎనక్కి తెచ్చేస్తాను. పెద్ద రాయి ముందుకి జరిపిద్దాం.”

“క్రేను పోయింది. రేపటి దాకా రాదు.”

“అట్లయితే రేపే పోతాను.”

“నువ్వు డ్రైవరువా, ఓనరువా?”

అవతల కాటా దగ్గర ఇంకేదో బండి హారను మోగడం వినిపించింది.

“పో అంటే పో మునిరత్నం. దినామూ నీతో ఇదే యవ్వారం.”

“సరేమ్మా. మీరు చెప్పినారు కాబట్టి పోతాండాను. మెల్లిగా పోతాను.”

మెల్లిగానే పోయాడు. వెనకే వచ్చిన ఇంకో లారీ డ్రైవరు తరువాత ఆ మాట చెప్పాడు. శ్రీకాళహస్తి దాటాక వాన పట్టుకుంది. ఒక మలుపులో ఎదురుగా ఆటో అడ్డమొచ్చింది. బ్రేకు వేశాడు. వెనక బల్ల ముందు బండిని తోసుకుంటూ వచ్చి, రెండూ కత్తెరలా మడుచుకున్నాయి. గొలుసులు తెగి పెద్ద రాయి చేలో పడింది. క్యాబిను కల్వర్టు గోడకు కొట్టుకుంది. ఆటోలో వాళ్లకు గీత కూడా పడలేదు. మునిరత్నం కుడికాలు రెండు చోట్ల విరిగింది. తలకు దెబ్బ తగిలి స్పృహ లేదు.

తిరుపతి ఆస్పత్రికి నేనూ మా ఆయనా చెరో దిక్కు నుంచి చేరాం. వరండాలో మా ఆయన అడిగాడు. “పొద్దన ఏమన్నా చెప్పినాడా వాడు? బండి బాగలేదనో, లోడు బాగలేదనో?”

“ఏమీ చెప్పలేదు,” అన్నాను.

ఆలోచించి అనలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. బీమా వాళ్ల మనిషి ప్రమాదం చూడడానికి వచ్చాడు. రాళ్లు కింద పడ్డాక అవి బల్ల మీద ఎక్కడ ఉన్నాయో ఎవరు చెప్పగలరు? అతను తల గోక్కుని, ‘కునుకు పట్టుంటాదేమో’ అన్నాడు. అతను అన్నది ఊహ. దాన్ని సాక్ష్యం చేసింది నేను. “పట్టుండొచ్చు సార్. ముందు రాత్రి కూడా సరిగ్గా నిద్రలేదు ఆయనకి,” అన్నాను. ముందు రాత్రి మునిరత్నం మా యార్డులోనే మంచమేసుకుని పొద్దు పొడిచేదాకా పడుకున్నాడు. లేచాక కాఫీ ఇచ్చింది నేనే.

ఇవి రెండు తప్పులు. మీరు రెంటినీ కలిపేసి, ‘పాపం, కంగారులో’ అనకండి. మొదటిది కోపంలో చేశాను. కోపం ఎవరికైనా వస్తుంది. రెండోది చల్లగా, నిలబడి, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ చేశాను. 

స్పృహ వస్తుంది, వచ్చాక చెప్తాడు, అంతా తెలుస్తుంది అనుకున్నాను. కొన్నాళ్లు ఆ భయంతోనే చచ్చాను. స్పృహ వచ్చింది. ముందు రాత్రి మా యార్డులో సంగటి తిన్నది గుర్తుందట. ఆ తరువాతది ఏదీ లేదు. కాటా లేదు, ఫోను లేదు, వాన లేదు. ‘నాకేమైంది?’ అని భార్య నాగమణిని అడిగితే, ‘నిద్రపోయినావంట’ అని ఆమె చెప్పింది. మునిరత్నం నమ్మాడు. గుర్తులేని మనిషి ఏం చేస్తాడు, చెప్పింది నమ్మక?

అది విన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని, వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. మనిషి బతికినందుకా, మరిచిపోయినందుకా? అప్పుడు నన్ను నేను అడగలేదు.

ఆస్పత్రి ఖర్చంతా మేమే పెట్టుకున్నాం. ఊళ్లో వాళ్లు, ‘డ్రైవరు తప్పు చేసినా ఆ తల్లి కడుపులో పెట్టుకుంది’ అన్నారు. నేను కాదనలేదు. కాలు కుదురుకుంది గానీ పొట్టిదైపోయింది. కాలు సంగతి అటుంచితే, నిద్రపోయి బండి పడేసినవాడికి ఇంకెవరూ బండి ఇవ్వలేదు. కొన్నాళ్లకు అలిపిరి దగ్గర ఒక ప్రైవేటు స్థలంలో, కొండకు నడిచిపోయేవాళ్ల కార్లూ వ్యాన్లూ నిలిపించే పని దొరికింది. పక్కనే నాగమణి టీ బంకు పెట్టుకుంది.

ఇక నా విసుగు కథ ఇక్కడ మొదలైంది. మేము ఏటా కొండకు వెళ్తాం. వెళ్లినప్పుడల్లా మునిరత్నం కుంటుకుంటూ ఎదురొచ్చి, మా కారుకు నీడ చూసి పెడతాడు. దూరం నుంచి వచ్చిన డ్రైవర్లకు టీ ఇప్పించి, ‘అన్నా, కునుకొస్తే పక్కన ఆపుకో. నేను ఆపుకోలేదు, ఈ కాలు సూడు’ అని ప్యాంటు పైకెత్తి చూపిస్తాడు. వాళ్లు తలలూపుతారు. నాగమణి బంకులోంచి, ‘ఆ, చెప్పు చెప్పు, నిద్రమొగమా! ఆ బుద్ధి ముందే ఉండాల్సింది’ అంటుంది. అతను నవ్వుతాడు. నా వైపు తిరిగి, ‘అమ్మ బండి పాడుచేసినాను, అయినా ఒక మాట అనలేదు’ అంటాడు. 

అతను నన్ను తిట్టి ఉంటే ఈపాటికి అంతా మరిచిపోయి ఉండేదాన్నేమో. ఈ మంచితనాన్ని ఎలా భరించాలి? ఒక్కోసారి అతని మీదే కోపం వచ్చేది. ఏమయ్యా, అన్నేళ్లు బండి నడిపావు, ఒక్కసారైనా స్టీరింగు మీద తూగావా? ఎవరో చెప్తే ఎలా నమ్మావు? నీ గురించి నీకే తెలియదా? చూడండి, నా తప్పుకు కూడా అతనిదే బాధ్యత అన్నట్టుగా తయారైంది నా బుద్ధి.

పోయిన వేసవిలో అతని కొడుకు కుమారు మా ఆయన దగ్గరికి వచ్చాడు. ఇరవై దాటిన పిల్లవాడు. పెద్ద బండ్ల లైసెన్సు తీసుకున్నాడు. ట్రైలరు నేర్చుకుంటానని, పని ఇమ్మని అడిగాడు. మా ఆయన సరేనన్నాడు. రెండు రోజులకు మునిరత్నం బస్సెక్కి చిత్తూరొచ్చి, ఆ కాలితో మా ఇంటిదాకా నడిచి వచ్చాడు. మా ఆయన లేడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

“అమ్మా, వాడికి బండి ఇయ్యద్దండి.”

“ఎందుకు?”

“మా రక్తంలోనే ఉండాదేమోనమ్మా ఈ నిద్రమత్తు. నాకైతే కాలుతో పోయింది. వాడు ఎవురి మిందికన్నా ఎక్కిస్తే? వాడికి చెప్పినా ఇనడంలేదు. రెండు నెల్లుగా ఇంట్లో మాటల్లేవు. మీరు కాదంటే ఇంటాడు.”

నేను అరిచాను. ఏమని అరిచానో కూడా సరిగ్గా గుర్తులేదు. ‘రక్తమేంది, నిద్రేంది, బుద్ధుండాదా నీకు’ అని ఏదేదో అన్నాను. మునిరత్నం బిత్తరపోయాడు. తాను మళ్లీ ఏదో తప్పు చేశాననుకుని, చేతులు జోడించి, ‘సరేమ్మా, మీ ఇష్టం’ అని వెళ్లిపోయాడు. సరేమ్మా. నేను అరిస్తే అతని నోట వచ్చే మాట అదే.

అతను వెళ్లాక కూర్చుండిపోయాను. అతని జీవితం పాడైందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. పాడైంది, ఖర్చు పెట్టాం, అయిపోయింది అనుకున్నాను. అయిపోలేదు. ఆ అబద్ధం వాళ్ల ఇంట్లో కూర్చుని ఇప్పుడు కొడుకు దాకా వచ్చింది. నేను చచ్చినా అది చావదు. మనవళ్లకు కూడా ‘మీ తాత నిద్రపోయి...’ అని చెప్పుకుంటారు.

ఆ వారంలోనే ఒంటరిగా బస్సెక్కి అలిపిరికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఎండకు బండ్లు తక్కువగా ఉన్నాయి. మునిరత్నం టీ బంకు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేవబోతే కూర్చోమన్నాను. నిలబడే చెప్పాను. కాటా నుంచి నువ్వు ఫోను చేశావు. లోడు వెనక్కి పడిందన్నావు, రేపు పోతానన్నావు. నేనే పొమ్మన్నాను. కునుకు పట్టిందన్నది నేను కల్పించిన మాట. నువ్వు నిద్రపోలేదు.

ఇక్కడ రాసినంతసేపు కూడా పట్టలేదు చెప్పడానికి. అంత చిన్నది.

మునిరత్నం నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. “ఇంజిను బండి ఒకటే ఎక్కించి తూకం సూసినానా?” అన్నాడు.

“చూశావు.”

“సూస్తాను. నేనట్లే సూస్తాను,” అన్నాడు, తనలో తాను. తరువాత తలెత్తాడు. ఆ కళ్లలో నాకు అలవాటైన వినయం లేదు. “నాకు చెప్పినారు. మంచిది. ఇప్పుడు దానికి చెప్పండి.” బంకు వైపు చెయ్యి చూపించాడు.

నాగమణి గ్లాసులు కడుగుతోంది. ఆమెకు రెండోసారి చెప్పాను. మొదటిసారి కంటే కష్టమైంది. ఆమె గ్లాసు పక్కన పెట్టి, చేతులు తుడుచుకోకుండానే విన్నది. చివరిదాకా విని, నన్ను వదిలేసి, మొగుడి వంక చూసింది.

“ఈ మనిషిని నేను ఎన్ని మాటలన్నాను,” అంది. “పొద్దన లేస్తానే నిద్రమొగమా అని పిలిచినాను. పిల్లోళ్ల ముందర పిలిచినాను. తెల్లారేలోగా నాకు ఎన్నిసార్లు మెలకువొచ్చినా, ఈయన మంచం మింద కూర్చోనే ఉంటాడు. నిద్రంటే భయపడి. నేనేమో నవ్వినాను.” అప్పుడు నా వైపు తిరిగింది. “అనిపించింది మీరు. నా నోటితో అనిపించినారు.”

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను.

“అది మాత్రం అడగద్దు. పోండి ఈణ్ణించి. ఇంగ మీ కారు ఈడ పెట్టద్దండి,” అంది.

మునిరత్నం ఆమెను వారించలేదు. అప్పుడే ఒక వ్యాను వస్తే లేచి, దాన్ని నిలిపించడానికి పోయాడు.

కుమారు మా దగ్గర చేరలేదు. ‘మీ బండి మాకొద్దు’ అని నాగమణి కబురు పంపింది. నెల్లూరు వైపు ఎవరిదో ట్రైలరు నడుపుతున్నాడని విన్నాను. అతను మొదటిసారి రాత్రి డ్యూటీకి పోయేటప్పుడు బండి చుట్టూ తండ్రి ఒక ప్రదక్షిణం చేసి, టైర్లు కొట్టి చూశాడట. ఇదీ విన్నమాటే. నాకు చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు ఇప్పుడు.

మా ఆయనకూ చెప్పాను. ఆయన అన్నంలోంచి చెయ్యి తీసేశాడు. “చెప్పినావు సరే. ఇంగెవురికీ చెప్పద్దు. బీమా, కేసు, పేరు, అన్నీ ఉండాయి,” అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి లోడెత్తించేటప్పుడు తనూ వచ్చి పక్కన నిలబడుతున్నాడు. నన్ను నమ్మడం మానేశాడు. మంచి పని చేశాడు. నేనైనా అదే చేసేదాన్ని.

చెప్పద్దన్నాడు కాబట్టి ఇలా పేరు లేకుండా రాస్తున్నాను. ఇందులో కూడా పిరికితనం ఉంది, తెలుసు. ఊరంతా పాకిన అబద్ధాన్ని ఊరంతా తిరిగి సరిదిద్దాలి, అంత ధైర్యం నాకు ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. మీరు నన్ను ఓదార్చకండి. తిట్టాలనిపిస్తే తిట్టుకోండి. నాకు కావలసింది ఒక్కటే. ఇది తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇంకొకరు ఉండాలి.

మునిరత్నం నిద్రపోలేదు. మెలకువగా ఉన్నాడు. బరువు వెనక్కి పడిందని చూశాడు, నాకు చెప్పాడు, రేపు పోతానన్నాడు. నేను పొమ్మన్నాను.